దొరగారి తడి గది

మా ఇంట్లో తడి నిలవదు. సింకు పక్కన ఒక్క చుక్క కనిపించినా నా చేతికి గుడ్డ వచ్చేస్తుంది. అత్తగారు దీన్ని జబ్బంటారు, నేను శుభ్రమంటాను. ఇరవై ఏళ్లుగా ఇద్దరం మాట మీదే ఉన్నాం.

అలాంటి ఇంట్లో మా ఆడపడుచు తన తాబేలును నెల రోజులకని వదిలి ఉద్యోగ శిక్షణకు వెళ్లింది. అరచెయ్యంత ఉంటుంది. నడక మాత్రం పొలాలు చూసుకోవడానికి బయల్దేరినట్టుంటుంది. అందుకే దాని పేరు దొరగారు. ఆడపడుచు ఫోన్ చేస్తే ముందు దొరగారి క్షేమం, తర్వాతే కన్నతల్లి క్షేమం.

దాని పెట్టెలో మట్టీ కొబ్బరి పొట్టూ చెమ్మచెమ్మగా ఉన్నాయి. నాకు ప్రాణం ఒప్పలేదు. అంతా పారబోశాను. మా మరిది వడ్రంగి. దేవదారు చెక్క చిత్రిక పట్టగా రాలిన పొట్టు సంచెడు తెచ్చాడు. పొడిపొడిగా, మెత్తగా, ఇల్లంతా ఘుమఘుమ. దొరగారికి ఇంత పరుపు ఎవరు వేస్తారని వదినా మరిదీ తెగ మురిసిపోయాం.

నెల నిండొచ్చేసరికి దొరగారు తిండి మానేశారు. కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి, ముక్కు దగ్గర చిన్న బుడగ. ఆ రోజు బుధవారం. ఆడపడుచు వచ్చేది ఆదివారం. దొరగారిని పెట్టెతో సహా ఎత్తుకుని బయల్దేరాను.

పశువుల డాక్టరమ్మ దగ్గరికి అత్తగారూ మరిదీ కూడా వచ్చారు. ఆవిడ తాబేలు కంటే ముందు పెట్టె వాసన చూసింది. బట్టల్లో పురుగుల్ని తరిమే ఆ దేవదారు ఘాటు తాబేలు కళ్లనీ ఊపిరినీ కూడా వదలదట. పోనీ ఇసుక వేద్దామా అని మరిది నసిగితే, మేతతో పాటు మింగితే పేగుల్లో గడ్డకడుతుందంది. కళ్లకి చుక్కల మందు రాసిచ్చింది. ఎరువు కలపని మట్టీ కొబ్బరి పొట్టూ కలిపి, తవ్వుకునేంత మందంగా వేయమంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఒక మూల దానికో తడి గది ఉండాలమ్మా. నాచు తడిపి, పిండి, లోపల పరవండి. అది ఆరిపోకుండా రోజూ మీరే చూసుకోవాలి."

ఆరిపోకుండా. నేను. అత్తగారు ఆసుపత్రి అని కూడా చూడకుండా నవ్వారు.

ఇంటికి రాగానే నా పిండి డబ్బా బలైంది. మరిది దొరగారి వెడల్పూ ఎత్తూ రెండేసిసార్లు కొలిచి డబ్బాకి వాకిలి కోశాడు. ఒరుసుకోకుండా అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. ఆ ఊపులో తలుపు కూడా బిగించనా అన్నాడు.

"గడియ కూడా పెట్టు నాయనా, లోపల నువ్వుందువుగాని," అన్నాను.

డబ్బా బోర్లించి, నాచు పరిచి, పెట్టె చుట్టూ చేరాం. దొరగారు గురువారం అటు తలే తిప్పలేదు. శుక్రవారం వాకిలి దాకా వచ్చి వెనక్కి మళ్లారు. శనివారం పొద్దున ఒక కన్ను సగం తెరుచుకుంది. తల లోపల పెట్టారు. ఒక కాలు. ఇంకో కాలు. మా ఆయన ఏదో అడగబోతే అత్తగారు చేత్తో ఆయన నోరు మూశారు. డొప్ప మొత్తం లోపలికి వెళ్లాక మరిది నన్నూ అత్తగారినీ కలిపి కావలించుకున్నాడు. రోజూ రెండుసార్లు నాచు తడిపాను నేను, ఈ చేతుల్తో.

ఆదివారం ఆడపడుచు బ్యాగు దించేసరికి దొరగారు రెండు కళ్లూ తెరిచి, మట్టికొట్టుకున్న మొహంతో హాలు మధ్యలో ఆకు నములుతున్నారు. నేనే బయటికి వదిలాను. వెనకాల పెట్టె దాకా బురద అడుగులు. ఆమె నేలనీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"వదినా, ఒంట్లో బాగానే ఉందా?"

జరిగిందంతా ఒప్పుకున్నాను. తిట్టాల్సినంత తిట్టింది, మట్టితో సహా దొరగారిని గుండెలకి హత్తుకుని మరీ. ఆనక గాలి పీల్చి, దేవదారు వాసన ఇంకా ఎక్కణ్నించి వస్తోందని అడిగింది.

మంచి సరుకు, పారేయబుద్ధి కాక మూటలు కట్టి బీరువాలో పెట్టాను. పక్క గదిలో మా ఆయన చొక్కా మార్చుకుంటూ మూడోసారి తుమ్మారు.