మామూలే అన్నాను

దుప్పటి మూడోసారి జాడించి, బకెట్‌లో మిగిలిన నీళ్లు వంచి చూశాను, అడుగున ఒండ్రు ఏమైనా చేరిందేమోనని. ఏమీ లేదు. ఈ దుప్పటి అసలు వరద మొహం చూసిందే కాదు. మూడు నెలలుగా ఏది ఉతికినా చివరి నీళ్లు ఇలా వంచి చూడందే నా చెయ్యి ఆగదు.

"ఎన్ని నీళ్లు పోస్తావమ్మా దానికి, రంగంతా పోయేలా ఉంది," అంది మా ఆడపడుచు వంటింటి కిటికీలోంచి.

దుప్పటి ఆవిడది. బకెట్ ఆవిడది. మేం తలదాచుకుంటున్న వెనక రెండు గదులూ ఆవిడవే.

"అయిపోయింది వదినా," అని నీళ్లు పారబోశాను.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. వెంటనే గొంతు తగ్గించింది. "నీ బాధ నాకు తెలుసులే. పదిహేనేళ్లు ఆ ఏటికి కాపలా కాశావు. తీరా వచ్చే రోజున నీక్కూడా తెలియకపోయె. ఎవరేం చేస్తారు."

తిట్టినా పడి ఉండేదాన్ని. ఈ ఓదార్పే నన్ను కోస్తుంది. తడి దుప్పటి దండెం మీద వేసి, ముడతలు సరిచేస్తున్నట్టుగా దాని వెనకాల కాసేపు మొహం దాచుకున్నాను.

నేను భయస్తురాలినని అందరికీ తెలిసిందే. ఎనిమిదో తరగతితో చదువు ఆపినదాన్ని, తెలిసి భయపడతానో తెలియక భయపడతానో నాకే తెలియదు. పాప బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, మనసులోనే దాన్ని ఆసుపత్రిలో చేర్చి, మంచం పక్కన కూర్చుని ఏడ్చి, అది గేటు తీసుకుని లోపలికి రాగానే కళ్లు తుడుచుకుంటాను. అలాంటి దాన్ని తెచ్చి నది ఒడ్డున కాపురం పెట్టించారు. గడప దాటితే ద్రాక్ష పందిరి, పందిరి దాటితే నీళ్లు. పందిరిని మోసే రాతి కడీలు మా మామగారు పాతించినవి. తోట ఆయనది, ఆ తర్వాత మా ఆయనది. నాది ఎప్పుడూ కాదు గానీ, గుత్తుల్లో చిన్న కాయలు కత్తెరతో ఏరి పలచన చేసేది నేనే. తల పైకెత్తి, చేతులు పైకెత్తి, రోజుకు ఆరేడు గంటలు పందిరి కింద. సాయంత్రానికి మెడ వంచితే అన్నం పళ్లెం మసకగా కనిపించేది. ఎవరైనా వచ్చి "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అని అడిగితే "ఇంట్లోనే ఉంటుంది" అనేవారు మా ఆయన. అబద్ధమేమీ కాదు. ఇంటికీ తోటకీ మధ్య తలుపు లేదు.

ఏటి వైపు చివరి కడీ మీద నేను సున్నంతో ఒక గీత గీసుకున్నాను. రోజూ పాలు పొయ్యి మీద పెట్టేముందు వెళ్లి, నీళ్లు గీతకు ఎంత దూరంలో ఉన్నాయో చూసి వచ్చేదాన్ని. మా ఆడపడుచు భర్త సెలవులకు వచ్చినప్పుడల్లా ఇదొక వేడుక. "ఏం చెల్లెమ్మా, ఏటి వార్తలేమిటి?" అనేవారు. నేను చెప్పబోయేలోపే నవ్వు మొదలయ్యేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే మళ్లీ దానికొక మాట పడాలి.

నిరుడు నీళ్లు గీతను తాకాయి. నేను ఊరుకోలేదు. ఏడ్చాను, అన్నం మానేశాను, పాపను తీసుకుని వెళ్లిపోతానన్నాను. నా పోరు పడలేక మా ఆయన పదిహేను రోజులు ముందుగానే కాయ కోయించారు. మర్నాటికి నీళ్లు దిగిపోయాయి. కొనడానికి వచ్చిన వ్యాపారి ఒక్క కాయ కొరికి, ఉమ్మేసి, లారీని ఖాళీగా తిప్పుకుపోయాడు. ఆ పులుపంతా పెరట్లో కుప్పగా కుళ్లింది. కందిరీగలు ముసిరి నెల రోజులు తలుపు తీయలేకపోయాం. మా ఆయన నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. అలవాటుగా రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఆ కుప్ప కేసి చూస్తూ, "ఇక నోరు కట్టిపెట్టుకో," అన్నారు. అంతే. అప్పటి నుంచి చుట్టాల్లో నా పేరు వరదమ్మ. పెళ్లిళ్లలో నేను కనపడితే ఎవరో ఒకరు కాళ్లు పైకి లాక్కుని కూర్చునేవారు, నీళ్లొస్తున్నట్టు.

ఈ ఏడాది కోతకు వారం ఉందనగా ఒక ఉదయం కడీ దగ్గరకు వెళ్లాను. నీళ్లు గీతకు చాలా కిందే ఉన్నాయి. కానీ ఏదో తేడాగా తోచింది. కాసేపటికి గానీ అర్థం కాలేదు. చప్పుడు లేదు. మలుపు దగ్గర గులకరాళ్ల మీద నీళ్లు పారే చప్పుడు పదిహేనేళ్లుగా నా చెవుల్లో ఉంది, నిద్రలో కూడా ఉంది. అది ఆగిపోయింది. రాళ్ల మీద నీళ్లు లోతయితేనే ఆ చప్పుడు ఆగుతుంది. చూస్తుండగానే వేళ్లతో సహా లేచిన రెల్లు దుబ్బులు రెండు, నురగ కట్టుకుని, మెల్లగా తేలుతూ వెళ్లాయి. పైన ఎక్కడో గట్టు కోసుకుపోయిందన్నమాట.

పరుగున ఇంటికి వచ్చాను. వరండాలో మా ఆయన, మా ఆడపడుచు భర్త, కాయ చూడ్డానికి వచ్చిన ఇద్దరు వ్యాపారులు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకడు నిరుడు ఉమ్మేసినవాడే. ఆయాసంగా గుమ్మం ఎక్కాను. పాదాలకు బురద.

"ఏం చెల్లెమ్మా, ఏటి వార్తలేమిటి?"

నేను నోరు తెరవకముందే అందరూ నవ్వారు. ఆ వ్యాపారి కూడా. మా ఆయన నవ్వలేదు. తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నారు. ఆ వంచిన తల చూసి నాకు ప్రాణం పోయినట్టయింది. మళ్లీ వాళ్లందరి ముందూ ఆయన్ను అలా కూర్చోబెట్టలేను అనుకున్నాను. కాదు, అది కూడా పూర్తి నిజం కాదు. మళ్లీ నేను అలా నిలబడలేను అనుకున్నాను.

"ఏం లేదన్నయ్యగారూ. మామూలే," అని లోపలికి వెళ్లి టీ పెట్టాను.

మర్నాడు పది గంటలకు నీళ్లు వంటింట్లోకి వచ్చాయి. పాపను ఆ రోజు బడికి పంపలేదు, దగ్గరుంటే మంచిదని. దగ్గరుంచుకుని నేను చేసిందేమిటంటే, దాన్ని మెడ దాకా ముంచడం. మా ఆయన దాన్ని భుజాల మీదకు ఎత్తుకుని రోడ్డు ఎక్కేసరికి దాని పెదవులు నీలంగా ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే పందిరి మీద కాయ అలాగే వేలాడుతూ, నీళ్ల మీద ముదురు రంగు పరుపు పరిచినట్టుంది. సాయంత్రానికి కడీలు ఒరిగిపోయాయి. ఏటి వైపు గోడ మొత్తంగా జారి కూర్చుంది. ఒక పగలూ ఒక రాత్రీ మాకు చేతిలో ఉన్నాయి. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఇప్పుడు నేను టౌన్లో ద్రాక్ష పెట్టెలకెత్తే షెడ్డులో పనికి వెళ్తున్నాను. మొదటి రోజు మేస్త్రీ, "ద్రాక్ష పని ఎప్పుడైనా చేశావా?" అని అడిగాడు.

"లేదండీ, కొత్తే," అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. మునిగిన తోట మనిషినని తెలిస్తే ఇంకేమేం అడుగుతాడోనని కాబోలు. కాయ మీది తెల్లటి పొడి చెరగకుండా గుత్తిని కాడతో పట్టుకుని పెట్టెలో దించుతుంటే అతను వెనకాల నిలబడి చూశాడు. "కొత్తంటావు. చేతులేమో పాతవాళ్ల చేతుల్లా ఉన్నాయే," అన్నాడు. నేను తల ఎత్తకుండా ఇంకో గుత్తి అందుకున్నాను.

ఇంతలో అధికారుల నుంచి కబురు వచ్చింది. మునిగినవాళ్లు మళ్లీ ఒడ్డునే కట్టుకుని నాటుకోవచ్చు, లేదా పైన క్వారీ దగ్గర మెట్ట మీద అంతే నేల తీసుకోవచ్చు. ఏదో ఒకటే. భార్యాభర్తలిద్దరి సంతకాలూ కావాలి. శనివారం వాళ్ల తరఫున మనిషి వస్తారు.

"ఆలోచించేదేముంది," అన్నారు మా ఆయన. "మా నాన్న నాటిన నేల. కడీలు నిలబెడితే మూడేళ్లలో పందిరి నిండుతుంది. ఆ రాళ్ల గుట్ట మీద ఏం మొలుస్తుంది?"

"అంత వరద మళ్లీ మన జన్మలో రాదులే," అన్నారు ఆడపడుచు భర్త. "చెల్లెమ్మ కూడా ఇక హాయిగా నిద్రపోవచ్చు."

వద్దు అనాలి. ఏ మొహంతో అనాలి? చెప్పవలసిన రోజున చెప్పనిదాన్ని, ఇప్పుడు భయం గురించి మాట్లాడే హక్కు నాకెక్కడిది? పెట్టెలు నింపుతూ అదే ఆలోచన, బట్టలు ఉతుకుతూ అదే ఆలోచన. సంతకం పెట్టి నోరు మూసుకోవడమే నాకు తగిన శిక్ష అని కూడా అనుకున్నాను.

శుక్రవారం పాప బడి నుంచి కుంటుకుంటూ వచ్చింది. గుమ్మం దగ్గర కూర్చోబెట్టి బూటు లాగితే మేజోడు ఊడిరాలేదు. రక్తంతో మడమకు అంటుకుపోయింది. వేడినీళ్లలో నానబెట్టి మెల్లగా తీశాను. లోపల చర్మం లేదు. ఆ బూట్లు మా ఆడపడుచు కూతురివి, చిన్నవయ్యాయని ఇచ్చినవి.

"ఎన్ని రోజుల నుంచే?"

"రెండు వారాలు."

"రెండు వారాలు నడిచావా దీంతో? చెప్పకూడదూ?"

అది నీళ్లలో వేళ్లు ఆడిస్తూ, పెద్ద విషయం కానట్టుగా అంది. "చెబితే మామయ్య నవ్వుతారుగా. మొన్న రెయిన్ కోటు అడిగితే, చిన్న వరదమ్మ తయారైంది అన్నారు. నువ్వు కూడా నవ్వావు."

నవ్వాను. గుర్తుంది. అందరూ నవ్వుతున్నారని నేనూ నవ్వాను. దాని మడమ నా చేతిలో ఉంది. పన్నెండేళ్లకే మామూలే అనడం నేర్చుకుంది. నేర్పింది నేనే.

శనివారం వచ్చింది ఒక చిన్న వయసు ఉద్యోగిని. మోకాళ్ల మీద ఫైలు పెట్టుకుని మా ఆడపడుచు గారి ముందు గదిలో కూర్చుంది. మా ఆయన పేరు పక్కన రైతు అని రాసుకుంది. నా వైపు చూసి, అడక్కుండానే గృహిణి అని రాసేసింది.

"నీళ్లు వస్తున్నట్టు ముందుగా ఏమైనా సూచన తెలిసిందా?" అని అడిగింది.

"ఎక్కడండీ," అన్నారు మా ఆయన. "ఎవరికీ తెలియలేదు. ఇదిగో, మా ఆవిడ రోజూ వెళ్లి ఏరు చూసి వచ్చే మనిషి. ఆవిడకే తెలియలేదు."

"అవునవును," అన్నారు ఆడపడుచు భర్త. "మా వరదమ్మే వరదను కనిపెట్టలేకపోయింది." ఉద్యోగిని కూడా మర్యాదకు నవ్వింది. మా ఆడపడుచు, పాపం, అని నా భుజం మీద చెయ్యి వేసింది.

గుమ్మంలో పాప మడమకు గుడ్డ కట్టుకుని నిలబడి ఉంది. నావైపే చూస్తోంది.

"నాకు తెలుసు," అన్నాను.

ఎవరికీ వినపడనట్టుంది. మళ్లీ అన్నాను. "ముందు రోజు పొద్దున్నే తెలుసు. రాళ్ల చప్పుడు ఆగిపోయింది. రెల్లు దుబ్బులు వేళ్లతో కొట్టుకొచ్చాయి. పరుగున వచ్చాను మీకు చెబుదామని."

నా భుజం మీద ఉన్న చెయ్యి తీసేసింది మా ఆడపడుచు. ఉద్యోగిని కలం ఆగింది. మా ఆయన నన్ను చూసిన చూపు నేను బతికినన్నాళ్లూ మరచిపోను. కోపం కూడా కాదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూశారు.

"తెలిసీ చెప్పలేదా?" అన్నారు.

"చెప్పలేదు. తప్పు నాదే. పాప మునిగిందీ నా వల్లే, ఇల్లు పోయిందీ నా వల్లే అనుకోండి, పడతాను." అక్కడి నుంచి లేచి ఎక్కడైనా దూరిపోవాలని ఉంది. అయినా కూర్చునే ఉన్నాను. "అన్నయ్యగారు ఏటి వార్తలేమిటని అడిగారు. నేను చెప్పకముందే నవ్వు మొదలైంది. మామూలే అన్నాను."

ఆ రోజు వరండాలో చూసుకున్నట్టే మా ఆయన అరచేతులు చూసుకున్నారు. ఆడపడుచు భర్త కిటికీ వైపు తిరిగారు.

సిగ్గు పోలేదు. చెప్పేస్తే పోతుందనుకున్నాను గానీ, అందరి కళ్లూ మీద పడ్డాక ఇంకాస్త పెరిగింది. దాంతోనే ఫైలు నా వైపు లాక్కున్నాను.

"ఒడ్డు మీదయితే నా సంతకం లేదమ్మా," అన్నాను ఉద్యోగినితో. "మెట్ట మీద అని రాయి. రాళ్లయితే ఏరుకుంటాం. అక్కడ నేను రోజూ వెళ్లి ఏం చూసి వచ్చినా, చూసింది చూసినట్టు చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వుతారు."