వదిలి వెళ్లే బటన్

మూడు గంటలకు మొదటి షిఫ్టు బొగ్గు బాయిలోంచి పైకొచ్చింది. ల్యాంప్ రూం కిటికీలోంచి చేయి చాపి రాయమల్లు ఒక్కో టోపీ దీపాన్నీ అందుకుంటున్నాడు. నంబరు చూసి, తడిగుడ్డతో బొగ్గు తుడిచి, అదే నంబరు గూట్లో పెడుతున్నాడు. నూట పద్నాలుగు గూళ్లలో నూట పదమూడు నిండాయి. తరవాతి షిఫ్టు మనిషి వచ్చి కుర్చీ అడిగినా లేవలేదు. చివరికి సదయ్య ఈల వేసుకుంటూ వచ్చి దీపం ఇచ్చాడు.

"నా కోసమే ఆగినవా కాక? నువ్వు మారవు పో!"

"జల్ది రావాలె బిడ్డా," అని మాత్రం అన్నాడు రాయమల్లు.

ఒక్క గూడు ఖాళీగా ఉన్నా అతని ఎడమ మోకాలు అతన్ని కదలనివ్వదు. పదిహేడేళ్ల కింద దాని మీద పైకప్పు బండ పడింది. ఆ రోజు ఖాళీగా ఉన్న ఒక్క గూడూ అతనిదే. అప్పటి ల్యాంప్ రూం మనిషి దాన్ని చూసి కూడా ఇంటికి పోయాడు. రాయమల్లు అయిదు గంటలు చీకట్లో అరిచాడు. ఆ తరవాత కాలు ఉందంటే ఉంది, అంతే.

నాలుగింటికి క్వార్టర్‌లో పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కాలు విరిగినవాడికి ఆకాశమెందుకని నవ్వేవాళ్లు నవ్వనీ! అతను ఆన్‌లైన్‌లో ఆడే అంతరిక్షం ఆటలో నడిచే పని లేదు. అందరూ తేలేవాళ్లే. జట్టులో తనతో కలిసి ముగ్గురు. మంచిర్యాల యేసుకుమార్ కెప్టెన్, కమాన్‌పూర్ కిషన్ తవ్వేవాడు, తను ఓడ నడిపేవాడు. ఆ పిల్లల ముఖాలు ఎన్నడూ చూడలేదు. రెండేళ్లుగా గొంతులే పరిచయం, ఆ గొంతులంటే ప్రాణం.

ఆటకు కొత్త రూపం రాబోతోంది. దాన్ని ముందే ఆడి చూడమని కొన్ని జట్లకు టెస్ట్ అప్‌డేట్ ఇచ్చారు. ఆకాశంలో తిరిగే బండల్లోకి ఇప్పుడు సొరంగాలున్నాయి. కప్పు పగిలే ముందు నిజం బాయిలో లాగే చిటపటమంటుంది. ఓడ నడిపేవాడికి ఎర్ర బటన్ ఒకటిచ్చారు. నొక్కితే లోపల ఎవరున్నా సరే, తలుపు మూసుకుని ఓడ వెళ్లిపోతుంది. హవ్వ, ఇదొక సదుపాయమట! మొదటి రోజే రాయమల్లు యేసుకుమార్‌తో ఆట కంపెనీకి చిట్టీ రాయించాడు: ఆ బటన్ తీసెయ్యాలె, దిగినవాళ్ల లెక్క నడిపేవాడికి కనబడాలె అని. పంపిన కాక, అన్నాడు యేసుకుమార్.

ఈ రోజు ఆరింటికి టెస్టు ముగుస్తుంది. ఆలోగా కొత్త ఆటకు జట్టులోని మూడు పేర్లివ్వాలి. రాయమల్లుకు కావలసింది ఆ మూడింటిలో తన పేరు. అంతకుమించి ఎవరినీ ఏమీ అడగలేదు పాపం.

అయిదింటికి సొరంగంలో ఆగిన ఓడ నిండా సరుకుంది. కప్పు చిటపటమంది.

"కాక, బటన్ నొక్కు!" అని అరిచాడు యేసుకుమార్.

"కిషన్ లోపలున్నడు."

"వాడు కంప్యూటర్ కాడ లేడు. అది బొమ్మ కాక, మనిషి కాదు!"

రాయమల్లు వేలు బటన్ దాకా పోయి వెనక్కొచ్చింది. "ఒకడు తక్కువున్నడు బిడ్డా. ఎట్ల పోదం?"

కప్పు కూలింది. ఓడ, సరుకు, వారం రోజుల కష్టం, అన్నీ పోయాయి. ఎవడి కోసం ఆగాడో ఆ కిషన్ తీరిగ్గా తిరిగొచ్చాడు.

"ఎవడు ఆగమన్నడు నిన్ను? సిగరెట్ తాగొద్దామని పోయిన. అంత బొందవెట్టినవ్ గద!"

యేసుకుమార్ గొంతు చల్లబడింది. "ఇంకొక్క సారి టైమున్నది, ఇంకో ఓడ తీద్దం. కిషన్, నువ్వు నడుపు. కాక, నువ్వు దిగు."

తప్పు దిద్దుకునే అవకాశమిచ్చారని రాయమల్లు సంబరపడ్డాడు. ముప్పై ఏళ్ల కిందటి చేతులు తిరిగొచ్చినట్టు తవ్వి, సరుకంతా ముందు ఓడకు పంపాడు. కప్పు చిటపటమంది. కూలడానికి ఇంకా నలభై సెకన్లున్నాయి, ఓడ తలుపు నాలుగు బారల్లో ఉంది.

"వస్తున్న, వస్తున్న!"

తలుపు మూసుకుంది.

"గిట్ల నొక్కాలె కాక, నేర్చుకో!" కిషన్ పడీపడీ నవ్వాడు. యేసుకుమార్ కూడా నవ్వాడు. ఆ నవ్వే ఎక్కువ నొప్పి పెట్టింది.

"యేసూ, కంపెనీవాళ్లు నా చిట్టీ చదివుంటే గీ బటన్ తీసేస్తుండిరి."

"ఆ చిట్టీనా? ఎవడు పంపుతడు కాక, ఇజ్జత్ పోతది. మూడో పేరు మా దోస్తు ఉపేందర్‌ది రాసిన. నీకు గీ ఆట కాదు. ఏమనుకోకు."

గొంతులు రెండూ ఆగిపోయాయి. కప్పు దారి మూస్తూ కూలింది; లోపల చిక్కిన రాయమల్లు బొమ్మకు పన్నెండు నిమిషాల గాలి మిగిలిందని తెర మీద అంకె పడింది. ఆపేయొచ్చు. ఆపలేదు.

భార్య సారవ్వ వచ్చి, సొరంగం చీకటితో నల్లబడ్డ తెర చూసింది. "కరెంటు పోయిందా? ఎవల కోసం కూసున్నవ్?"

"నా కోసమే," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. వంటింట్లోకి పోయింది. అంకె సున్నాకు వచ్చింది, బొమ్మ మాయమైంది. రాయమల్లు బల్ల పట్టుకుని లేచి, కుంటుకుంటూ వాకిట్లోకి వెళ్లిపోయాడు. ఇక ఆ కుర్చీలో కూర్చోలేదు.

ఆరు కొట్టేదాకా తెర మీద, ఎవరూ లేని ఆ సొరంగంలో, ఆ బొమ్మ వదిలిన చేతి తొడుగొకటి వేళ్లు చాపుకుని మెల్లగా తిరుగుతూనే ఉంది.