కాళ్ళు తెగిన కాలేజీ బెంచీ

నేను ఒక బెంచీని. మనుషులు చదువులో కింది నుంచి పైకి ఎక్కుతారు. నేను పై నుంచి కిందికి దిగాను. నల్లతుమ్మ చెక్కగా పుట్టి, ఏ ప్రవేశ పరీక్షా రాయకుండా నేరుగా డిగ్రీ కాలేజీలో చేరాను. నా మీద కూర్చున్నవాళ్ళు అర్థశాస్త్రం వింటూ నిద్రపోయేవారు. నేను మేలుకునే ఉన్నాను గానీ, వాళ్ళకన్నా ఎక్కువేమీ నేర్చుకోలేదు.

ఒక కాలు ఊగడం మొదలవగానే ఇంటర్‌కు సరిపోతానని జూనియర్ కాలేజీకి పంపారు. ఆ కాలు విరిగాక, వడ్రంగి వీరాచారి మిగతా కాళ్ళను కూడా దానికి సమానంగా కోసి హైస్కూలుకు చేర్చాడు. అక్కడ పదో తరగతి పరీక్షనాడు ఒక మహానుభావుడు వృత్తలేఖిని మొనతో నా మీద 'వృత్త వైశాల్యం = 2πr' అని చెక్కి, తొడ కింద దాచుకుని కాపీ కొట్టాడు. అది తప్పని అతనికీ తెలీదు, నాకూ తెలీదు. మర్నాడు మాస్టర్లు మాట్లాడుకుంటుంటే విన్నాను. ఇన్నేళ్ళ చదువులో నాకు వంటబట్టింది ఆ ఒక్కటే.

తరువాత ప్రాథమిక పాఠశాల, మళ్ళీ రంపం. చివరికి అంగన్‌వాడీ, మళ్ళీ రంపం. ఇప్పుడు నా ఎత్తు పీటకంటే కాస్త ఎక్కువ, అంతే.

అంగన్‌వాడీలో ఆయా మస్తానమ్మ. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. వచ్చే వేసవికి టీచరు ప్రభావతి రిటైరవుతుంది. మస్తానమ్మ పది పాసైతే ఆ ఉద్యోగం ఆమెకే వచ్చే వీలుంది. అందుకే ఓపెన్ స్కూల్లో చేరి, ఆదివారాలు హైస్కూలుకు వెళ్ళి పాఠాలు వింటోంది. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాయి, లెక్కలే మిగిలాయి. పిల్లలు పడుకున్నాక నా మీద కూర్చుని, మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే, చదువుకునేది.

ఒకరోజు నా మీద ఒలికిన పప్పు తుడుస్తూ ఆ సూత్రం చూసింది.

"మేడమ్, ఇది కాలేజీ బెంచీ అంటగా? సూత్రం దీనిమీదే ఉంది."

"కాలేజీదైతే కరెక్టే అయ్యుంటదిలే," అంది ప్రభావతి.

తప్పు తల్లీ అని అరవాలనుకున్నాను. నాకు వచ్చిన భాషల్లా కిర్రుమనడమే.

"మేకు వదులైనట్టుంది," అని మస్తానమ్మ రాయి తీసుకుని నా నెత్తిన ఒక్కటి వేసింది.

వారం రోజులు దాన్నే వల్లెవేసింది. సోమవారం వస్తూనే నన్ను కాలితో ఒక్క తన్ను తన్నింది.

"కాలేజీ బెంచీ అంట, కాలేజీ బెంచీ! నిన్న సారు అడగ్గానే అందరికంటే ముందు నేనే లేచి చెప్పా మేడమ్. ఒకటే నవ్వులు! 'ఎవరు చెప్పారమ్మా' అన్నాడు సారు. బెంచీ చెప్పిందని ఎట్టా చెప్పేది?"

ప్రభావతి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, తరువాత మెల్లగా అంది: "పోనీలే మస్తానమ్మా, క్లాసులోనే పోయింది. పరీక్షలో పోలేదుగా."

"గ్యాసు అయిపోనీ, ముందు దీన్నే పొయ్యిలో పెడతా!"

ఆ వారమే గ్యాసు అయిపోయింది. మస్తానమ్మ కత్తి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను కిర్రుమనడం కూడా మరచిపోయాను. ఆమె నా ముందు గొంతుక్కూర్చుని, కత్తి మొనతో తప్పును కొట్టేసి, పక్కనే 'πr²' అని చెక్కింది. తరువాత పెరట్లోకి వెళ్ళి ఎండు పుల్లలు ఏరుకొచ్చింది. నా ఒంటి మీద ఎందరో రాశారు. దిద్దింది మాత్రం ఆమె ఒక్కతే.

ఫలితాలొచ్చిన రోజు పిల్లలు భోజనాల దగ్గర ఉన్నారు. ఫోను చూసిన ప్రభావతి లేచి, తన కుర్చీ ముందుకు జరిపి, "కూర్చో టీచరమ్మా!" అంది. మస్తానమ్మ ఆ కుర్చీ వైపు చూసింది గానీ, వచ్చి పిల్లల మధ్య నా మీద కూలబడింది.

పక్కనున్న నాలుగేళ్ళ చాందిని ఆమె ముఖంలోకి చూసింది.

"ఆయా, ఏడుస్తన్నావా?"

"లేదే. పాసయ్యా. ఇక నుంచి నన్ను టీచరనాల."

చాందిని చేతిలోని సగం గుడ్డు వైపు చూసుకుంది. "మరి మాకు గుడ్లెవరు పెడతారు?"

ఇన్ని బడులు తిరిగాను గానీ, ఇంత సూటి ప్రశ్న ఎక్కడా వినలేదు.

మస్తానమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేనే పెడతాలేవే," అంది. "ముందు అది తిను."