మూడు దాకా ఓకే సార్

మౌనిక సీటు వదిలి వెళ్ళిన ఆరో నిమిషాన తొమ్మిది తెరలూ ఎర్రబడి మోగడం మొదలుపెట్టాయి.

కుట్టు కంపెనీ షెడ్డులో తొమ్మిది లైన్లు, షిఫ్టుకు రెండు వందల మంది ఆడవాళ్ళు. ప్రతి లైను మొదట్లో ఇనుప స్తంభానికి ఒక తెర బిగించి ఉంటుంది. గంటకు ఎన్ని చొక్కాలు కుట్టారో ఆ తెర చెబుతుంది. ఎవరైనా సీట్లో లేకపోతే ఎర్రబడి, ఆ మనిషి పేరు చూపించి, గోల పెడుతుంది. మొదట్లో ఆ లైను తెర ఒక్కటే మోగేది. అలాగైతే సిగ్గు రావడం లేదని, వారం రోజులుగా తొమ్మిదింటినీ మోగిస్తున్నారు.

"మౌనిక. నాలుగో లైను. సీటు ఖాళీ. ఆరు నిమిషాలు."

మౌనికకు అయిదో నెల. పొద్దుటి నుంచి బాత్రూముకు లేవడం అది రెండోసారి. బాత్రూములు షెడ్డు వెనక, రెండే రెండు. ఆ మోత విని పాపం పరుగెత్తుకొచ్చింది. గుమ్మం దగ్గర తడి నేల మీద కాలు జారి, గుడ్డల బండి అంచు మీద పడింది. పడి, పొట్ట పట్టుకుని లేవలేకపోయింది.

రెండు వందల మంది సగం లేచారు. పూర్తిగా ఎవరూ లేవలేదు. లేచిన సీటు ఖాళీ సీటే కదా!

ఏడో లైను హెల్పరు ఏసమ్మ కూడా అలాగే, దారాలు కత్తిరించే కత్తెర చేతిలో పట్టుకుని, నడుం సగం వంచి నిలబడిపోయింది. మూడో లైను హెల్పరు భద్రమ్మ ఒక్కతే ఉరికింది.

"ఆపుండ్రిరా దాన్ని! పిల్ల పడ్డది కనవడ్తలేదా మీ కండ్లకు?" అని, తెరలను నడిపే అద్దాల గది వైపు చూసి అరిచింది. మోత ఆగలేదు. భద్రమ్మ వెనక్కి తిరిగి, తన తెర వెనక నుంచి నాలుగో తెరకు పోయే సన్నటి తీగను పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

కాసేపటికి మొదటి మూడు తెరలు ఆగాయి. నాలుగు నుంచి తొమ్మిది దాకా ఆరు తెరలు మాత్రం ఇంకా మోగుతూనే ఉన్నాయి. మౌనికను నలుగురు మోసుకెళ్ళి ఆటోలో పడుకోబెట్టే వరకూ ఆ పిల్ల పేరు ఎర్రగా అరుస్తూనే ఉంది.

అప్పుడే షెడ్డు మైకులో ఒక గొంతు వినబడింది. ఆ గందరగోళంలో అద్దాల గదిలోని మైకు ఆపడం ఎవరో మరిచిపోయారు.

"మూడు దాకా ఓకే సార్. నాలుగు దగ్గర తెగింది."

ఆ గొంతు ఏసమ్మ కూతురు ఏంజెల్‌ది. డిప్లొమా చదివి, ఎనిమిది నెలల కింద అద్దాల గదిలో కంప్యూటరు ముందు కూర్చుంది. బడిలో టీచరు లెక్క అడిగితే చెప్పినట్టు గబుక్కున, ఎంతో తెలివిగా చెప్పింది. మేనేజరు సారంగపాణికి అంతకంటే ఇంకేమీ అక్కరలేకపోయింది. మూడుకూ నాలుగుకూ మధ్య నిలబడేది భద్రమ్మ ఒక్కతే.

పది నిమిషాల్లో భద్రమ్మను గేటు బయట నిలబెట్టారు.

రెండు వందల జతల కళ్ళు మెల్లగా ఏసమ్మ వైపు తిరిగాయి. ఏసమ్మ తల దించుకుని దారాలు కత్తిరించింది. కత్తెర గుడ్డలో పడి ఒక చొక్కా చెయ్యి తెగింది.

*

కాజీపేటలో రైలు పట్టాల పక్కన వాళ్ళది ఒక గది ఇల్లు. సాయంత్రం ఏసమ్మ పొయ్యి వెలిగించలేదు.

"దవాఖానకు పొయ్యొచ్చిన. మూత్రంల చీము పట్టిందట మౌనికకు. కడుపుల బిడ్డ సంగతి పది రోజులు పోతెగాని చెప్పరట. నీళ్ళు తాగకనే గట్లయిందంట బిడ్డా. తాగితె లేవాలె, లేస్తె మోగుతది. పొద్దుగాల నింపుకచ్చిన బాటిలు షిఫ్టు దిగినంక నిండుగనే ఇంటికి పోతాంది. నాది గూడ అంతే."

ఏంజెల్ గోడకు ఆనుకుని కూర్చుంది. "నేనెవరి పేరు చెప్పలేదమ్మా. నంబరు చెప్పిన."

"నంబరు కాడ మనిషి నిలవడ్డది గద బిడ్డా."

ఏసమ్మకు కూతురి మీద కోపం వచ్చింది. ఆ కోపం కిందనే, ఈ పిల్ల కొలువు మాత్రం పోలేదు కదా అని ఒక చల్లటి ఊరట కూడా కదిలింది. ఆ ఊరటకు తనకే సిగ్గేసింది.

ఆమె భయం ఆమెది. పన్నెండేళ్ళ కింద మొగుడు పౌలు సూరత్ మగ్గాల పనికి ఇదే కాజీపేట స్టేషన్లో రైలెక్కాడు. అన్నం మూట అందించడానికి ఆమె ప్లాట్‌ఫాం చివరి దాకా పరుగెత్తింది. రెండేళ్ళు ఫోన్లు వచ్చాయి. ఆ తర్వాత ఆ నంబరుకు ఎన్నిసార్లు చేసినా జవాబు లేదు. అప్పటి నుంచి ఏంజెల్ గుమ్మం దాటితే చాలు, సందు మలుపు తిరిగే లోపు ఏసమ్మ వెనక నుంచి "ఏంజెల్!" అని పిలుస్తుంది. "ఉన్న!" అని ఆ పిల్ల బదులు పలకాలి. పెద్దదయ్యాక కూడా పలుకుతూనే ఉంది. ఆ ఒక్క మాట వింటేనే ఏసమ్మకు ఆ రోజు గడిచేది.

*

ఆదివారం ప్రార్థన అయ్యాక భద్రమ్మ ఇంటి రేకుల కింద ముప్పై మంది కూడారు. తొమ్మిది లైన్ల హెల్పర్లూ వచ్చారు. భద్రమ్మను మళ్ళీ పనిలోకి తీసుకోవాలని సారంగపాణిని రెండుసార్లు అడిగారు. కంపెనీ సేటు హైదరాబాదులో ఉంటాడనీ, తన చేతిలో ఏమీ లేదనీ చెప్పి పంపించాడు.

పిలవకుండానే ఏంజెల్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అగో, వచ్చింది మూడు దాకా ఓకే!" అంది రమ. అయిదో లైను హెల్పరు. రోజూ నెక్కొండ నుంచి రైల్లో వచ్చే మనిషి, నోరు ఊరుకోదు. "ఎవలెవలు వచ్చిన్రో రాస్కపోతవా? నా పేరు పెద్దక్షరాలల్ల రాయి."

కొందరు నవ్వారు. ఏసమ్మ ఇంకాస్త మూలకు జరిగింది.

"కూసో బిడ్డా" అంది భద్రమ్మ. "నాకు బాగ తీరికున్నది ఇప్పుడు. నీ పుణ్యమే."

ఏంజెల్ కూర్చోలేదు. "తప్పు చేసిన పెద్దమ్మా" అంది. తర్వాత ఆడవాళ్ళ పక్కనున్న నీళ్ళ బాటిళ్ళు తొమ్మిది తీసుకుని వరసగా నేల మీద పెట్టింది.

"ఇవి తెరలనుకోండ్రి. నా కంప్యూటరు తొమ్మిదింటితోని మాట్లాడదు. ఒకటో దానితోనే మాట్లాడుతది. ఒకటి రెండుకు చెప్తది, రెండు మూడుకు చెప్తది. సన్న తీగల పొంటి గట్ల చేతులు మారుకుంట పోతది ఆర్డరు. ఏ నంబరుకు పంపితే ఆ నంబరు విని, 'ఓకే' అని తిరిగి పలుకుతది. నడుమ ఒక్క తీగ తెగితే అవతలివి పలుకవు. ఎక్కడ తెగిందో నాకు తెలిసిపోతది."

"మరి నేను గుంజితె మోత ఎందుకాగలే?"

"ఆఖరున ఏ మాట వింటే దాని మీదనే ఉంటయి పెద్దమ్మా. 'మోగు' అన్నది విన్నయి. 'ఆగు' అన్నది వాటి దాకా రాలె."

"తెర వెనక గుండీలు ఉంటయి గద?" అంది ఒకామె.

"సార్ వాటికి తాళం ఏపిచ్చిండు. అది గూడ ఆర్డరే. కంప్యూటరు ఇప్పితేనే ఇప్పినట్టు."

"పలగ్గొడ్దాం" అంది రమ. "ఒక్కొక్కదానికి ఒక ఇటుక."

"జేలుకు పోతం. వాళ్ళు కొత్తయి తెస్తరు" అంది భద్రమ్మ.

మాట మీద మాట పెరిగింది. వట్టిగా పని ఆపుదామని ఒకరు. ఎవరు ముందు లేస్తే వాళ్ళ పేరే మోగుతుందని ఇంకొకరు. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరినే పట్టుకుని అందరినీ కూర్చోబెట్టారు. ఆ సంగతి పైకి ఎవరూ అనకపోయినా ఆ రేకుల కింద అందరికీ అర్థమవుతూనే ఉంది.

ఏసమ్మ మూలనుండి బాటిళ్ళనే చూస్తోంది. "ఆఖరు మాట మీదనే ఉంటయంటివి గద బిడ్డా" అంది నెమ్మదిగా. "ఆ ఆఖరు మాట 'ఆరిపో' అన్నది అయితే? గప్పుడే తొమ్మిది తీగలు ఒక్కపారి తీస్తే?"

భద్రమ్మ ముందుకు వంగి బాటిళ్ళను చూసింది.

ఏంజెల్ తల్లిని చూసింది. "మల్ల ఎలిగించుమని చెప్పనీకి తొవ్వ ఉండదు. గుండీల తాళం వాళ్ళదే, వాళ్ళకే అడ్డం పడతది. ఎవలు ముందు తీసిన్రో కంప్యూటరుకు తెల్వదు. ఒకటో దాని కాడనే ఆగుతది. అది తగిలిస్తే రెండు కాడ ఆగుతది."

"అబ్బ, ఏసమ్మక్కా!" అని రమ తొడ చరిచింది. "మరి ఒక్కపారి అంటే ఎట్ల? ఫోన్లు గేటు కాడ గుంజుకుంటరు. గడియారం లేదాయె."

"తెర నల్లబడుడే సైగ. సున్నా నంబరుకు కొడితే తొమ్మిది ఒక్కపారే వింటయి. నేను కొడత."

"నీ పేరు పడదా?"

"పడతది. నా పాస్‌వర్డు మీదనే పోతది ఆర్డరు. రికార్డు ఉంటది."

"వద్దు" అంది ఏసమ్మ.

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే బయట కట్టేసిన మేక బెదిరి అరిచింది. "ఇంకేదన్న చూడుండ్రి. నా బిడ్డ వద్దు."

"ఇంకెవరున్నరమ్మా ఆ గదిల?" అంది ఏంజెల్. "భద్రమ్మ పెద్దమ్మ పేరు నా నోటి నుంచే పోయింది."

ఎవరూ ఏసమ్మను బతిమాలలేదు, తప్పు పట్టలేదు. అదే ఆమెకు భరించరానిదైంది. లేచి వెళ్ళిపోయింది. తను చెప్పిన ఉపాయమే కూతురి మెడకు చుట్టుకుంటుందని ఎవరికి తెలుసు?

*

మంగళవారం పొద్దున ఏంజెల్ చెప్పులు వేసుకుంది. ఆమె ముందు వెళ్ళాలి. ఏసమ్మ గుమ్మంలో నిలబడి ఎప్పటిలాగే పిలిచింది.

"ఉన్న!" అంది ఏంజెల్. మలుపు తిరగబోయి ఆగి, "అమ్మా, పదకొండింటికి" అని వెళ్ళిపోయింది.

షెడ్డులో మిషన్లు గడగడమంటున్నాయి. ఏసమ్మ చేతులు దారాలు కత్తిరిస్తున్నాయి, కళ్ళు తెర మీదున్నాయి. తెర మీద అంకెలు మారుతున్నాయి. ఎంత సేపైందో తెలియదు. సైగ రాకపోతే బాగుండునని ఒకసారి, రాకుంటే ఎట్లా అని ఒకసారి అనుకుంది.

తెర నల్లబడింది.

ఒకటి నుంచి తొమ్మిది దాకా, కళ్ళు మూసుకున్నట్టు.

భద్రమ్మ చోట మూడో లైనులో నిలబడ్డ పిల్లతో కలిపి, మిగతా ఎనిమిది మంది హెల్పర్లు తెరల వెనక చెయ్యి పెట్టారు. ఎవరూ తీగ తియ్యలేదు. అందరూ ఏసమ్మనే చూస్తున్నారు. బిడ్డ ఆమెది. ఆమె తియ్యనిదే తీసే హక్కు తమకు లేదనుకున్నారు కాబోలు. రమ నోరు కూడా మూతబడింది. అద్దాల గదిలో సారంగపాణి కుర్చీలోంచి లేవడం ఏసమ్మకు కనబడింది. ఇంకో క్షణం ఆగితే తెరలు మళ్ళీ వెలుగుతాయి. ఆర్పిన మనిషి పేరు మాత్రం రికార్డులో మిగిలిపోతుంది, ఒంటరిగా.

ఏసమ్మ తీగ గుంజింది.

తొమ్మిది తీగలూ ఊడి వచ్చాయి. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ షెడ్డులో అంతటి నిశ్శబ్దం ఎవరూ ఎన్నడూ వినలేదు. రమ తన బాటిలు మూత తిప్పి, తల పైకెత్తి గటగటా తాగింది. ఆమెను చూసి పక్కామె. ఆ వెనక లైను. రెండు వందల గొంతుల్లో నీళ్ళు దిగుతున్న చప్పుడు అంతటా వినబడింది.

తాగి, లేచి, లైన్ల మధ్య నేల మీద కూర్చున్నారు.

సారంగపాణి పరుగెత్తుకొచ్చి తెరల వెనక గుండీలు నొక్కాడు. తాళం పడి ఉంది. "ఏంజెల్! చూడు, ఎక్కడ తెగింది?" అని అరిచాడు.

ఏంజెల్ ఈసారి తనే మైకు ఆన్ చేసింది.

"ఒకటి, జవాబు లేదు సార్. రెండు, జవాబు లేదు. మూడు, జవాబు లేదు."

"అమ్మా, ఏందమ్మా ఇది? ఎవరు చేపిస్తున్రు మీతోని?" అని సారంగపాణి నేల మీదున్న వాళ్ళని అడిగాడు. గొంతులో బెదిరింపు ఉంది కానీ నుదుటి నిండా చెమట.

"మౌనిక దవాఖాన సంగతి కంపెనీ చూడాలె. భద్రమ్మను పనిల తీసుకోవాలె. బాత్రూముకు పోతే పేరు మోగద్దు" అంది ఏసమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "గంతే సార్."

"తెరలు ఆర్పిందెవరు?"

"నేనే సార్" అని మైకులోంచి వచ్చింది. "రికార్డుల ఉంటది, చూడుండ్రి."

*

మధ్యాహ్నం కాకముందే పోలీసు బండి వచ్చింది. కంపెనీ యంత్రాలు చెడగొట్టిందని ఏంజెల్‌ను ఎక్కించారు.

బండి కదలగానే ఏసమ్మ పాదాలు వాటంతటవే పరుగుకు సిద్ధమయ్యాయి. ప్లాట్‌ఫాం గుర్తొచ్చింది, చేతిలోనే ఉండిపోయిన అన్నం మూట గుర్తొచ్చింది. ఒంటరిగా పరుగెత్తితే ఏ బండీ ఆగదని ఆమెకు తెలుసు. వెనక్కి తిరిగి షెడ్డు వైపు చూసింది.

"నడువుండ్రి" అంది.

పోలీసు స్టేషన్ దాకా రెండు కిలోమీటర్లు నడిచారు. గేటు బయట కాచుకుని ఉన్న భద్రమ్మ ముందు నడిచింది. హెల్పర్లు తొమ్మిది తీగలూ దాచుకోకుండా చేతుల్లోనే పట్టుకుని నడిచారు. దారిలో షాపుల వాళ్ళు గల్లాల ముందు నుంచి లేచి చూశారు.

స్టేషన్ మెట్ల మీద ఎస్సై నిలబడ్డాడు. "తల్లి ఎవరు? తల్లి ఒక్కతి లోపలికి రావాలె. మిగతా అందరు ఇండ్లకు పోండ్రి."

ఎవరూ కదలలేదు. ఎస్సై లాఠీతో మెట్టు మీద కొట్టాడు. "చెప్తే ఇనవడ్తలేదా?"

"ఇనవడ్డది సార్" అంది రమ. "జర బాత్రూం ఏడున్నదో చెప్పుండ్రి. బాటిలు బాటిలు తాగినం, రెండొందల మందిమి ఉన్నం. ఫికర్ చేయకుండ్రి, ఒక్కొక్కరమే పోతం. ఎన్నెన్ని నిమిషాలో రాసుకోండ్రి."

ఒక కానిస్టేబులమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. భుజాలు కదిలాయి.

ఏసమ్మ మెట్లెక్కలేదు. అందరి మధ్యా నిలబడి, గొంతెత్తి పిలిచింది.

"ఏంజెల్!"

ఎస్సై లోపలికి చూశాడు. ఒక క్షణం, రెండు క్షణాలు. కాజీపేట వైపు ఏదో రైలు కూత వేసింది.

"ఉన్న!" అని లోపలి నుంచి వినబడింది. "ఇక్కడనే ఉన్న అమ్మా!"

"మేం గూడ ఉన్నం బిడ్డా!" అని భద్రమ్మ అరిచింది.

అప్పుడే రోడ్డు మీద కంపెనీ బస్సు ఆగింది. మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళు. కంపెనీకి పోవాల్సిన బస్సును ఇక్కడ ఆపించి, ఒకరి వెనక ఒకరు దిగుతున్నారు. ప్రతి చేతిలో ఒక నీళ్ళ బాటిలు.

అన్నీ ఖాళీవే.