జూన్ ముప్పై ఒకటి

ఇంట్లో ఆమెను పొట్టి అంటారు. మూడేళ్ళ వయసులో పెట్టిన పేరు. ఇప్పుడు గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగైంది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఫార్మసీలో డిగ్రీ వచ్చింది, దానిమీద మందుల ట్రయల్స్ గురించి ఆరు నెలల కోర్సు ఒకటి అయింది. ఉద్యోగం రాలేదు.

పద్నాలుగు నెలలు కాళ్ళరిగేలా తిరిగింది. ఎక్కడికి వెళ్ళినా అనుభవం ఉందా అని అడిగేవారు. లేదంటే సంపాదించుకొని రమ్మనేవారు. ఉద్యోగం ఇవ్వకుండా అనుభవం ఎక్కడినుంచి తేవాలని అడిగితే ముఖం చాటేసేవారు. ఒక కంపెనీ కొత్తవాళ్ళు కావాలని పెద్ద అక్షరాలతో ప్రకటన వేసి, రెండేళ్ళ అనుభవం తప్పనిసరి అని అడుగున చీమ తలకాయంత అక్షరాలతో అచ్చేసింది. ఇంకోచోట గేటు దగ్గరి మనిషి ఆమె బయోడేటా తీసుకొని, ఆమె చూస్తుండగానే దానితో విసురుకున్నాడు. ఉక్కగా ఉంది మరి అన్నాడు.

నాన్న బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఒకరోజు అన్నం తింటూ ఆ పదీ ఒకేసారి వాడేశాడు.

"పొట్టీ, ఇదే ఆఖరుది. ఇది రాకపోతే వెళ్ళి మీ మామయ్య షాపులో కూర్చో."

ఇది అంటే పేపర్లో పడ్డ ప్రకటన. ఒక ట్రయల్ ఆఫీసుకు మనుషులు కావాలి. కొత్త మందులు రోగులకిచ్చి, ఏ పూట ఏం జరిగిందో కాగితం మీద పెట్టే ఆఫీసు అది. ఏడాది అనుభవం ఉండాలి. సర్టిఫికెట్ లేనివాళ్ళు రావద్దు.

మామయ్య అమ్మకు తమ్ముడు. అతనిది జిరాక్సు షాపు. గోడకూ మిషనుకూ మధ్య ఒక్క స్టూలు పడుతుంది. మధ్యాహ్నానికల్లా మిషను వేడి మోకాళ్ళకు తగులుతుంది. పొట్టి అక్కడ నాలుగు రోజులు కూర్చొని చూసింది. ముందూ వెనకానా, ఒకవైపేనా అని రోజుకు రెండు వందలసార్లు అడగాలి. నాలుగో రోజు ఇంటికొచ్చి నిద్రలో కూడా అదే అడిగిందని అమ్మ చెప్పింది. ఆ స్టూలు మీద ఒకసారి కుదురుగా కూర్చుంటే మళ్ళీ లేవడం ఉండదని పొట్టికి తెలుసు.

మామయ్యకు ఆమె చదువంటే వేళాకోళం. దానికో కారణం ఉంది. ట్రయల్ కాగితంలో తప్పు పడితే చెరపకూడదు, తుడపకూడదు. ఒక్క గీత కొట్టాలి, గీత కిందిది కనపడాలి. పక్కన చిన్న సంతకం, తేదీ, కారణం వేయాలి. కోర్సులో మొదటి రోజు నేర్పింది అదే. ఆ అలవాటు ఆమె ఒంటికి పట్టేసింది. ఒకసారి సామాన్ల చీటీలో సబ్బు రెండుసార్లు రాసి, ఒకదానికి గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి తేదీ వేసింది. ఆ చీటీ మామయ్య కంటపడింది.

"సబ్బుకు కూడా సంతకమా జడ్జీగారూ? రేపు చీపురుకు సాక్షులు కావాలేమో."

ఏడాది పాటు ఆమె ఎదురైనప్పుడల్లా సబ్బు బాగుందా అని అడుగుతూనే ఉన్నాడు.

ప్రకటన చూసి అనుభవం సంగతి తను చూసుకుంటానన్నది కూడా అతనే. వీధి చివరి నర్సింగ్ హోమ్ పోయిన నెల మూతపడింది. అక్కడ ఒకటి రెండు మందుల ట్రయల్స్ నడిచిన మాట నిజమే. వాళ్ళ కాగితాలన్నీ మామయ్య షాపులోనే అచ్చయ్యేవి. పట్టుకెళ్ళకుండా వదిలేసిన, పైన నర్సింగ్ హోమ్ పేరు అచ్చున్న ఖాళీ కాగితాల కట్ట ఒకటి అటక మీద ఉంది. దించి చూస్తే వానకు తడిసి అన్నీ అతుక్కుపోయాయి. శుభ్రంగా ఉన్న కాగితం ఒక్కటే దొరికింది. మూతపడ్డవాళ్ళను ఎవరు పోయి అడుగుతారన్నాడు మామయ్య.

పొట్టి వద్దని ఒకసారి అంది. రెండోసారి అనలేదు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున బస్సులో, మామయ్య రాసిచ్చిన సర్టిఫికెట్ కవర్లోంచి తీసి చూసుకుంది. పోయిన జులై ఒకటి నుంచి ఈ జూన్ దాకా ఆమె అక్కడ పనిచేసినట్టు, చాలా నమ్మకస్తురాలైనట్టు రాసి ఉంది. జూన్ పక్కన తెల్లటి మచ్చ కనిపించింది. మచ్చ మీద పెన్నుతో ముప్పై అని దిద్ది ఉంది. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మచ్చ లోపల ముప్పై ఒకటి అని కనపడింది.

జూన్ నెలకు ముప్పై ఒకటో తేదీ పుట్టించింది మామయ్య. వేరే కాగితం లేక దాని మీద వైట్నర్ పూసిందీ మామయ్యే.

ఇంకెవరి కంటికీ ఆనని మచ్చ అది. ఈ పనిలో ఉన్నవాళ్ళకు మాత్రం అన్నిటికన్నా ముందు ఆ మచ్చే కనపడుతుంది. ట్రయల్ ఆఫీసుల్లో వైట్నర్ సీసాను గుమ్మం తొక్కనివ్వరు. కాగితం కిటికీలోంచి వదిలేద్దామనుకుంది. రెండుసార్లు చెయ్యి బయట పెట్టింది. స్టూలు గుర్తొచ్చింది. కాగితం మళ్ళీ కవర్లో పెట్టేసింది.

గేటు దగ్గర యాభైమంది దాకా ఉన్నారు. ఒకరినొకరు దొంగల్ని చూసినట్టు చూసుకుంటున్నారు. గార్డు ఒక్కొక్కరి సర్టిఫికెట్ తడిమి లోపలికి వదులుతున్నాడు. మార్కుల కాగితాలు మాత్రమే తెచ్చిన ఒక అమ్మాయిని వెనక్కి పంపేశాడు. ఆమె ఏడ్చింది. వరుసలో ఉన్నవాళ్ళు ముందుకు జరిగి ఆమె చోటు నింపేశారు. పొట్టి కూడా జరిగింది.

గార్డు ఆమె కాగితం తిరగేసి మరగేసి, లోపల తనిఖీ మేడం ఉంది, ఆవిడ ముందు నోరు జారితే ఇంతే సంగతులన్నాడు. దయతో చెప్పలేదు, అలా జారినవాళ్ళను చూసి నవ్వుకున్న మనిషి గొంతది.

లోపల దరఖాస్తు ఫారం ఇచ్చారు. పెన్నుతో నింపాలి. అనుభవం అన్న గడి దగ్గర పొట్టి కాసేపు ఆగింది. పక్క కుర్చీలో కూర్చున్నతను తన ఫారానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, ఈమె కాపీ కొడుతుందనుకున్నాడు కాబోలు. ట్రయల్ కో-ఆర్డినేటర్‌గా ఒక సంవత్సరం, అని గుండ్రటి అక్షరాలతో రాసింది.

గదిలో బల్లకు అటువైపు ఇద్దరున్నారు. ఒకతను టై కట్టుకున్న యువకుడు, మనుషుల్ని తీసుకునేవాడు. రెండో ఆవిడ పెద్దమనిషి, కళ్ళజోడు గొలుసుకు వేలాడుతోంది. ఎదుట ఎర్ర పెన్ను తప్ప ఏమీ లేదు. తనిఖీ మేడం ఆవిడే అయుండాలి. ఈ కంపెనీలో అందరి తప్పులూ పట్టడం ఆవిడ ఉద్యోగం.

టై అతనే అడిగాడు. రోగి ఒప్పుకోలు ఎప్పుడు తీసుకోవాలన్నాడు, మందు ఒక్క చుక్క పడకముందని చెప్పింది. రోగి ప్రాణం మీదికొస్తే పైవాళ్ళకు ఎంతలోపు తెలియజేయాలన్నాడు, ఇరవై నాలుగు గంటలంది. మాత్రలు మిగిలితే ఏం చేస్తావన్నాడు, లెక్కపెట్టి వెనక్కి తీసుకుంటానంది. అతను హుషారుగా ఎప్పుడు చేరగలవని అడిగాడు. రేపే అంది పొట్టి.

అప్పుడు తనిఖీ మేడం చెయ్యి చాపింది. సర్టిఫికెట్ అందుకొని కళ్ళజోడు పెట్టుకుంది. చదవలేదు. తిన్నగా మచ్చ మీద గోరు పెట్టి గీకింది. తెల్లటి పొడి బల్ల మీద రాలింది.

"ఇది ఎవరు పూశారు?"

"హాస్పిటల్ వాళ్ళే మేడం."

"నువ్వు అక్కడ ఏడాది పనిచేశావు."

"అవును మేడం."

"ఏడాది పనిచేశావు. నీ కాగితం మీద వైట్నర్ పూస్తే తీసుకొని వచ్చేశావు. అయితే నువ్వు ఈ పనికి పనికిరావు. లేదంటే అసలు పనే చేయలేదు. అప్పుడు అబద్ధాలకోరువి. రెండిట్లో ఏదో నువ్వే చెప్పు, నాకు తొందరేం లేదు."

టై అతని నవ్వు మాయమైంది. ఇలాంటివాళ్ళ మీద కేసు పెట్టాలి మేడం అన్నాడు. ఇందాక ఎప్పుడు చేరతావని అడిగిన నోరే అది.

పొట్టి బల్ల మీది పొడిని చూసింది. చెయ్యి ముందుకు జాపి తన దరఖాస్తు ఫారం లాక్కుంది. జేబులోని పెన్ను తీసింది. ఒక సంవత్సరం అన్న మాటల మీద ఒక్క గీత కొట్టింది. కింది అక్షరాలు కనపడేలా సన్నగానే కొట్టింది. పక్కన చిన్న సంతకం పెట్టి తేదీ వేసి, ఫారం వెనక్కి నెట్టింది.

తనిఖీ మేడం దాన్ని చూసి మళ్ళీ ఆమె వైపే తోసింది.

"కారణం రాయలేదు."

'జరగలేదు' అని పొట్టి రాసింది.

"సర్టిఫికెట్ ఎవరు చేసిచ్చారు?"

"నేను తెచ్చాను."

"అది కాదు నేనడిగింది. పేరు చెప్తే నిన్ను వదిలేస్తాం. చెప్పకపోతే ఈ కాగితం ఎటు పోతుందో నాకే తెలీదు."

మామయ్య పేరు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. సబ్బు దగ్గర్నుంచి ముప్పై ఒకటి దాకా అతని మీద కడుపుమంట తక్కువేం లేదు. కానీ గడిలో రాసిన చెయ్యి మాత్రం అతనిది కాదు.

"ఫారం మీద సంతకం నాది మేడం. ఇంకొకరి పేరు రాయడానికి అందులో గడి లేదు."

టై అతను లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు. పొట్టి కాగితాలు తీసుకోబోతే తనిఖీ మేడం వాటి మీద అరచెయ్యి ఆనించింది. ఈ గదిలోకి వచ్చిన కాగితం బయటికి పోదంది. బయట కూర్చోమంది.

మూడు గంటలు కూర్చుంది. మిగతావాళ్ళంతా వచ్చారు, వెళ్ళారు. ఏమైందని ఎవరూ అడగలేదు. ఆమె ముఖం చూసి కొందరికి ధైర్యం వచ్చినట్టుంది. పోలీసులొస్తారనుకుంది. నాన్నకు ఏం చెప్పాలో ఆలోచించింది. నాన్న ఏమీ అడగడని గుర్తొచ్చాక ఆలోచన మానేసింది.

ఆఖర్న తనిఖీ మేడం బయటికొచ్చింది. నిలబడే మాట్లాడింది. కో-ఆర్డినేటర్ పని లేదంది, రోగుల దరిదాపుల్లోకి రానివ్వనంది. కింద రికార్డు గది ఉంది, అయిపోయిన ట్రయల్స్ కాగితాలు పెట్టెల్లో సర్దాలి, దానికి అనుభవం అక్కర్లేదు, ఎందుకంటే ఎవరూ అందులో నెల మించి నిలవరంది.

పొట్టి లేచి నిలబడింది. నన్ను నమ్మినందుకు, అని ఏదో అనబోయింది.

"నమ్మలేదు. నమ్మితే పైన కూర్చోబెట్టేదాన్ని. గీత ఎలా కొట్టాలో ఈ పొద్దున వచ్చిన యాభైమందిలో నీకొక్కదానికే తెలుసు, అంతవరకే. ఆ ఫారం, ఆ సర్టిఫికెట్, రెండూ నీ ఫైల్లో మొదటి పేజీలుగా ఉంటాయి. బయటినుంచి తనిఖీకి ఎవరొచ్చినా ముందు అవే చూపిస్తా. ఇష్టమైతే రేపు రా."

ఇంట్లో మామయ్య కూర్చొని ఉన్నాడు. జరిగింది విని నిప్పులు కక్కాడు. తన చేతిరాత తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టావన్నాడు. తన మెడకు తాడు కట్టి కొస వాళ్ళకిచ్చి వచ్చావన్నాడు. నీ పేరు చెప్పలేదు మామయ్యా అని పొట్టి అంటే, పేరెందుకు, అక్షరాలు చాలవా అని అరిచాడు. ఆమె జూన్‌కు ఎన్ని రోజులో అడిగింది. అతను చెప్పులేసుకొని వెళ్ళిపోయాడు. మళ్ళీ చాలా రోజులు ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు.

నాన్న చేతుల గ్రీజు కడుక్కుంటూ అంతా విన్నాడు.

"ఇంతకీ వచ్చిందా, రాలేదా?"

"కింది గదిలో వచ్చింది నాన్నా. పెట్టెలు మోయాలి."

నాన్న తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. మోయి అన్నాడు.

రికార్డు గదికి కిటికీ లేదు. ఇనప అరలు కప్పుదాకా ఉన్నాయి. కుర్చీ కూడా లేదు, అడిగితే కూర్చునే పని కాదన్నారు. టై అతను ఆమెను చూస్తే సర్టిఫికెట్ అని పిలిచేవాడు. రెండు వారాల్లో ఆఫీసంతా అలాగే పిలిచింది. గార్డు రోజూ గేటు దగ్గర ఆపి ఈ రోజు తేదీ ఎంతని అడిగి నవ్వుకునేవాడు. తనిఖీ మేడం వారానికోసారి కిందికి దిగేది. ఏదో ఒక పెట్టె తెరిపించి తప్పు వెతికేది. దొరికితే చెప్పేది. దొరకకపోతే ఏమీ అనకుండా మెట్లెక్కేది. పొట్టి పొడుగు అక్కడ పనికొచ్చింది. పై అరలకు నిచ్చెన అక్కర్లేదు.

నెల దాటింది. రెండో నెల చివర్లో కొత్తగా చేరినవాళ్ళ ఫైళ్ళు పెట్టెలో పెట్టమని పైనుంచి పంపారు. ఒక్కొక్కటే తెరిచి పేజీలు లెక్కపెట్టి, పట్టీలో రాసి, సర్దాలి. ఏడో ఫైలు ఆమెది.

నిలబడే తెరిచింది. మొదటి పేజీ ఫారం. ఒక సంవత్సరం అన్న అక్షరాలు గీత కింద చక్కగా కనపడుతున్నాయి. పక్కన ఆమె రాసిన 'జరగలేదు' అన్న మాట. దాని కింద ఎర్ర పెన్నుతో తనిఖీ మేడం సంతకం, అదే రోజు తేదీ. రెండో పేజీ సర్టిఫికెట్. గీకినచోట ముప్పై ఒకటి తేలి ఉంది. ఆ పక్కన కూడా ఎర్ర అక్షరాలున్నాయి. తెచ్చినది అభ్యర్థి, చేసినవారి పేరు చెప్పలేదు, అని.

పొట్టి పేజీలు రెండుసార్లు లెక్కపెట్టింది. పద్నాలుగు. పట్టీలో పొరపాటున పదమూడని పడింది. దాని మీద ఒక్క గీత కొట్టి, పద్నాలుగని రాసి, సంతకం పెట్టి తేదీ వేసింది. కారణం దగ్గర రాతలో తప్పు అని రాసింది. ఫైలు పెట్టెలో పెట్టి మూత వేసి, పై అరలోకి ఎత్తింది. ఎనిమిదో ఫైలు తీసింది.