చాటు లేని చేను

“నీళ్లు తక్కువ తాగు పాపా. పగటిపూట బయటికి పోవాల్సొస్తే యాడికి పోతావు? ఎవరన్నా చూస్తే? ఏ పామన్నా ఉంటే?”

కాన్పుకని పుట్టింటికి వచ్చిన హేమావతితో తిప్పమ్మ రోజూ అనే మాటే ఇది. ఆ ఇంటికి మరుగుదొడ్డి లేదు. ఊరి ఆడవాళ్లకు కంది చేలే చాటు. ఆ ఏడు వాన మొగం చూపలేదు, కంది మోకాలెత్తు కూడా లేవలేదు. ఆడవాళ్లంతా పొద్దు మునిగేదాకా ఉగ్గబట్టుకునేవాళ్లు. గొంతు తడుపుకోడానికే జంకేవాళ్లు. తిప్పమ్మ బతుకంతా అట్లాగే వెళ్లదీసింది, కూతురికీ అదే నేర్పింది.

ఎనిమిదో నెలలో కళ్యాణదుర్గం పోయి స్కానింగ్ తీయిస్తే, ఉమ్మనీరు బాగా తగ్గిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. నీళ్లు ఏమాత్రం తాగుతున్నావని అడిగింది. హేమావతి తల్లి వైపు చూసింది. బాగా నీళ్లు తాగి ఎడమ పక్కకు పడుకోమనీ, పొద్దు మునిగేలోగా బిడ్డ సరిగా కదలకపోతే వెంటనే అనంతపురం పెద్దాసుపత్రికి పోవాలనీ చెప్పి పంపింది.

ఆటోలో తిప్పమ్మ దారి పొడుగునా అడుగుతూనే ఉంది, కదిలిందా అని. హేమావతి రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ఆ ఊరిదే సిద్దమ్మ ఎదురుగా కూర్చుని, “ఏమ్మే, నీ కూతురు మూగనోము పట్టినాదా?” అని ఎగతాళి చేసింది. తిప్పమ్మకు నవ్వు రాలేదు. మొగుడు పోయి చాన్నాళ్లయింది. అల్లుడు బెంగళూరులో కూలిపనిలో ఉన్నాడు. ఈ భయం చెప్పుకోడానికి ఉన్నది కూతురొక్కతే. అది చూస్తే మాట్లాడదు.

ఇంటికి రాగానే కూతురిని పడుకోబెట్టి, కడవ, చెంబు పక్కన పెట్టింది. పెరట్లో నాలుగు గుంజలు పాతి, పెట్టెలో ఉన్న చీరలన్నీ, పెండ్లి చీరతో సహా, చుట్టూ చాటుగా కట్టేసింది. వీధిన పోయేవాళ్లు నిలబడి చూశారు. ఎవరేమనుకుంటారో అని ఎప్పుడూ చచ్చిపోయే మనిషి ఆ పూట తలెత్తి కూడా చూడలేదు.

లోపలికొచ్చి కూతురి పక్కన కూలబడింది.

“నేనే తాగొద్దంటి పాపా. తిట్టు, ఏమన్నా అను. కదులుతాండాదా లేదా, అదొక్కటి చెప్పు.”

హేమావతి గోడ వైపుకే తిరిగి ఉంది. నడుమ నడుమ లేచి నీళ్లు తాగి మళ్లీ పడుకుంది. ఎండ గడప దాటి వెళ్లిపోయింది. ఇక ఆటోకు చెప్పి రావాలని తిప్పమ్మ లేచింది.

“ఉండుమా,” అంది హేమావతి. “పొద్దున్నుంచీ కదల్లేదు. నీకు చెప్పాలంటే భయమైంది. ఇప్పుడు తంతాండాది. ఈడ. చెయ్యి పెట్టు.”