స్పేరులో ముగ్గురు

మా బస్సు డిపోలో డ్యూటీలు వేసేది నేనే. అరవై బళ్ళు, నూట నలభై మంది డ్రైవర్లు. రేపు ఎవరు ఏ బండి ఎక్కాలి, ఎవరు ఇంట్లో ఉండాలి, ఎవరు స్పేరులో కూర్చోవాలి, అంతా నా చేతిలో ఉంటుందని పేరు. స్పేరు అంటే మరేం లేదు, డిపోలో బల్ల మీద కూర్చుని, ఎవరైనా రాకపోతే వాళ్ళ బదులు బండెక్కడం. నా చేతిలో ఉండేది మాత్రం ఒట్టి పెన్సిలు. పొద్దున్న కుర్చీలో కూర్చున్న దగ్గర్నుంచి ఒక్కొక్కడూ వచ్చి నా తల తినడమే. ఒకాయన అత్తగారు ఈ ఏడాదిలో ముచ్చటగా మూడోసారి పోయింది. ఇంకొకాయనకి ఎండాకాలం నడుంనొప్పి, చలికాలం నడుంనొప్పి, ఆదివారమైతే లేవనే లేడు. ఆయన అసలు పేరు మర్చిపోయి డిపో అంతా నడుంనొప్పి అనే పిలుస్తుంది. వీళ్ళందరి కోసం రాయడం, చెరపడం, మళ్ళీ రాయడం. రబ్బరు పొట్టు ఊదీ ఊదీ నాకు దగ్గు పట్టుకుంది. నాకు పెన్సిలక్క అని పేరు పెట్టింది కూడా ఈ మహానుభావులే.

చార్టులో పెన్నుతో రాసే పేరు ఒక్కటే ఉంటుంది. అది మా ఆయనది. ఆయనా ఇక్కడే డ్రైవరు. కొత్త చార్టు గీయగానే ముందు ఆయన పేరు రాసేస్తాను, శనివారం మధ్యాహ్నం బయల్దేరి ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చే దూరం బండికి. అవతలి ఊళ్ళో బండిలోనే పడక. ఎవరూ ఆ డ్యూటీకి రారు, మొహం చాటేస్తారు. నేను ఈ కుర్చీలోకి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం ఆయనకి సెలవు వేశాను. మర్నాడు నోటీసు బోర్డు మీద ఎవడో సుద్దముక్కతో "మొగుడి డ్యూటీ" అని రాశాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు పట్టుకున్నాను పెన్ను. ఎనిమిదేళ్ళయింది, ఒక్కడూ నన్ను వేలెత్తి చూపించలేదు. మా ఆయన కూడా కిమ్మనలేదు. ఆయన దేనికీ కిమ్మనడు, అది వేరే సంగతి.

ఆయనకీ మా పన్నెండేళ్ళ పిల్లకీ మధ్య ఉన్నది ఒక్కటే, ఫోన్లో ఆడే జంతువుల ఆట. మామూలు జంతువులు కావు. నిప్పులు కక్కేవి, పిడుగులు విసిరేవి, ఒంటి నిండా రాళ్ళు మొలిచినవి. వాటిని పట్టుకోవాలి, పెంచాలి, అవతలివాళ్ళ వాటి మీదకి ఉసిగొల్పాలి. ఆయన దూరం ఊళ్ళో బండి పక్కకి పెట్టుకుని అక్కణ్ణుంచి ఆడతాడు, ఇది ఇక్కడ వంటింటి గట్టు మీద కూర్చుని ఆడుతుంది. ఆయన ఇంటికి రాగానే పడుకుంటాడు, ఇది బడికి పోతుంది. వారంలో వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఏ రెండు గంటలో. మిగతాదంతా ఆ ఆటలోనే మాట్లాడుకుంటారు.

గురువారం సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే పిల్ల వచ్చి ఎదురుగా నిలబడింది. లైబ్రరీ హాల్లో ఆదివారం పొద్దున్న పది గంటలకి ఈ ఆటకి జంటల పోటీ పెట్టారట. జంటలో ఒకరు పిల్లలు, ఒకరు ఇంట్లో పెద్దవాళ్ళు. నాన్నా తనూ కలిసి పేరిచ్చేశారట. ఒక్కొక్కళ్ళు ఆరేసి జంతువుల జాబితా రేపటికల్లా అందించాలట. ఆదివారం నాన్నకి సెలవిస్తావా అని అడిగింది. చూద్దాం అన్నాను. నేను చూద్దాం అన్నానంటే లేదని, డిపోలో కొత్తగా చేరినవాడికి కూడా తెలుసు. దానికి పుట్టినప్పట్నుంచీ తెలుసు. వెళ్ళి బల్ల దగ్గర కూర్చుంది.

కాసేపటికి చూస్తే కాగితం మీద రాస్తోంది, కొట్టేస్తోంది. ఆ వారమంతా బడిలో స్నేహితురాళ్ళతో ఆడి ఓడిపోతూనే ఉందట. నా ప్రాణం లేచి వెళ్ళి మంచమెక్కుదామంటోంది, కళ్ళు మాత్రం ఆ కాగితం మీదకి పోయాయి. ఏం చెయ్యను, అది అచ్చంగా చార్టే. ఆరు వరుసలు. ఏ జాతి, ఎంత ప్రాణం, ఎంత వేగం, దెబ్బ ఎంత, అన్నీ గళ్ళు గీసి రాసింది. నా కూతురే మరి. చూడగానే తప్పు దొరికింది. ఆరింట్లో మూడు నిప్పు జాతివే. ఒక కోడి, ఒక పిల్లి, ఒక ఎలుక. ఆ కోడికి నిప్పుకోడి అని పేరు పెట్టి, పేరు బాగుందని దాన్ని వదల్లేకపోతోంది. అవతలివాడు ఒక్క నీటికప్పని దించితే మూడూ వరసగా ఆరిపోతున్నాయి.

ఇక నా నోరు ఊరుకోలేదు. ఒకే దానికి భయపడేవాళ్ళని ఒకే షిఫ్టులో వెయ్యకూడదని చెప్పాను. మంచు పడ్డప్పుడు అద్దంలోంచి దారి కనపడదనేవాళ్ళు ముగ్గురున్నారు మాకు, ముగ్గుర్నీ తెల్లవారుజాము బళ్ళకి వేస్తే ఇక డిపో గేటుకి తాళం వేసుకోవడమే. నిప్పులో ఒకటి చాలు. నీటిని పీల్చే గడ్డి జాతి ఒకటి కావాలి, గడ్డిని కాల్చడానికి ఎలాగూ కోడి ఉంది, ఎగిరేదాన్ని పడగొట్టడానికి పిడుగుది ఒకటి. బాగా కొట్టగలిగి తొందరగా అలిసిపోయేదాన్ని ముందే దించెయ్యొద్దు, స్పేరులో ఉంచు. ఒక్కో ఆటకి దించేది ఆరింట్లో మూడింటినే కాబట్టి ఎవరి బదులు ఎవరు దిగుతారో ముందే రాసిపెట్టుకో. నేను చెప్తుంటే పిల్ల రాసుకుంటోంది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. ఒంట్లో ఓపిక లేదన్న మాటే గానీ, ఆ అరగంట నాకు భలే సంతోషంగా ఉంది.

అయిదో వరుసలో ఒక రాతితాబేలు ఉంది. వేగం ఏం లేదు, దెబ్బా అంతంత మాత్రమే. ప్రాణం మాత్రం మిగతావాటికి రెండింతలు. ఇలాంటిది చార్టులో ఒక్కటుంటే సగం తలనొప్పి తీరిపోతుంది. నాకు తెలిసిన విద్య అంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది, అదే చెప్పాను.

"ప్రతి ఆటలో ముందు దీన్నే దించు. దెబ్బలన్నీ ఇది తింటుంది, మిగతావి తాజాగా ఉంటాయి. ఎంత కొట్టినా ఇది నోరెత్తదు."

పిల్ల రాయడం ఆపేసింది. పెన్సిలు కాగితం మీద పడుకోబెట్టింది.

"దాన్ని దించనమ్మా," అంది. "దాని పేరు నాన్న."

జవాబు తోచనప్పుడు నాకు కోపం వస్తుంది. లెక్కల హోంవర్కు చేశావా, గిన్నెలు అలాగే వదిలేశావేం, ఎప్పుడు చూసినా ఆ ఫోనేనా అని దులిపేశాను. అది గోడలా విని, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. నేను మంచం ఎక్కాను గానీ కునుకు పట్టలేదు.

శుక్రవారం డిపోకి వెళ్ళి చార్టు తీశాను. ఆదివారం గడిలో నల్లగా, గట్టిగా, మా ఆయన పేరు. పాత చార్టులు కూడా బీరువాలోంచి తీసి తిరగేశాను. ఎక్కడ చూసినా పెన్సిలు గీతల మధ్య అదొక్కటే నల్లగా ఉంది. అందరి పేర్లూ ఎన్నిసార్లు చెరిపానో, కాగితం అక్కడక్కడ చిరుగులు పట్టింది. ఆయన పేరు దగ్గర మాత్రం కాగితం కొత్తదానిలా ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఎవడో ఒక సుద్దముక్క వెధవకి భయపడి ఇంట్లో మనిషిని హూనం చేశాను. పెన్నుతో రాసింది చెరపడం కుదరదు, కొట్టేసి పక్కన సంతకం పెట్టాలి. కొట్టేశాను, సంతకం పెట్టాను. పైన నడుంనొప్పి పేరు రాశాను, అది కూడా పెన్నుతోనే.

గంటలో నడుంనొప్పి నా కిటికీ దగ్గరికి వచ్చాడు, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని. డాక్టరు చీటీ, బండి సీటు, చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డ సంగతి, అన్నీ ఏకరువు పెట్టాడు. నేను వింటూ కూర్చున్నాను. చివరికి, దూరం బండికి ఎప్పుడూ మీ ఆయన వెళ్తాడు కదా, ఇప్పుడు ఆయనకేమొచ్చింది అన్నాడు. వెనక నలుగురు చెవులు రిక్కించి నిలబడ్డారు.

"ఆయనకి ఆదివారం సెలవు," అన్నాను. "సుద్దముక్క సొరుగులో ఉంది, ఇమ్మంటారా?"

నడుంనొప్పి నడుం మీంచి చెయ్యి తీసేసి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి పిల్లతో చెప్తే అది నమ్మలేదు. ఫోన్లో తీసుకొచ్చిన చార్టు ఫోటో చూపిస్తే అప్పుడు నమ్మింది. వెంటనే నాన్నకి ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. ఫోన్లో ఆయన నవ్వు వంటింట్లోకి వినిపించింది. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు రాలేదు.

శనివారం ఆయనకి ఊళ్ళో తిరిగే బండి, పగటి డ్యూటీ. రాత్రికి ఇంట్లో హాయిగా పడుకుంటాడు అనుకున్నాను. తీరా చూస్తే నేను ఇంటికొచ్చేశాక, కొత్తగా పెళ్ళయిన కుర్రడ్రైవరు ఒకడు సాయంత్రం బయల్దేరి రాత్రంతా నడిచే బండికి చెప్పాపెట్టకుండా ఎగ్గొట్టాడు. స్పేరులో ఉన్నవాళ్ళు అప్పటికే వేరే బళ్ళకి వెళ్ళిపోయారు. డిపోలో వాళ్ళు అటూ ఇటూ చూస్తుంటే, ఈయన తాళాలు అందుకుని నేను వెళ్తాలే అన్నాడట. ఎవరూ అడగలేదట కూడా. ఆదివారం తెల్లారి ఎప్పుడో ఇంటికొచ్చి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, పద వెళ్దాం అన్నాడు పిల్లతో. ఆయన కళ్ళు చూసి నాకు గొంతులోకి తిట్టు వచ్చింది. మింగేశాను.

లైబ్రరీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేశారు. మధ్యలో నాలుగు బల్లలు. లైబ్రరీ ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంటూ నంబర్లు పిలుస్తోంది. మాది పదకొండు. ఆయన ఫోను చేతిలో పట్టుకుని గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఎవరిని ముందు దించాలో పిల్లకి చెప్తూ ఉన్నాడు. చెప్తూ చెప్తూ మాట మధ్యలో ఆగిపోయింది. తల గోడకి ఆనింది, నోరు కొంచెం తెరుచుకుంది. చుట్టూ పిల్లల గోల, అయినా సన్నగా గుర్రు.

పదకొండు అని పిలిచారు. నేను ఆయన భుజం మీద చెయ్యి వెయ్యబోయాను. పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. నాన్న స్పేరులో ఉన్నాడు. నువ్వు రా."

నాకు రాదే అన్నాను. నేర్పిస్తాను అంది. ఆయన వేళ్ళ మధ్య నుంచి ఫోను మెల్లగా లాగింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా సరేనని లైబ్రరీ ఆవిడ ఒప్పుకుంది. ఎదురు బల్ల దగ్గర ఒక చిన్న ఆడపిల్లా, వాళ్ళ తాతా. ఆ తాత వేళ్ళు ఫోను మీద ఆడుతున్న తీరు చూస్తేనే నాకు చెమటలు పట్టాయి. ఫోను తెరిచాను. ఆయన ఆరు జంతువులు వరసగా వచ్చాయి. అయిదు బాగా ముదిరినవి, ఒక్కొక్కటీ వందల ఆటలు ఆడింది. ఆరోది ఒక బుల్లి మిణుగురు. ప్రాణం నిండుగా, పచ్చగా ఉంది. ఆడిన ఆటలు సున్నా. తిన్న దెబ్బలు సున్నా. పేరు గడిలో 'పెన్సిలక్క' అని రాసి ఉంది.

దీన్ని ఎందుకు ఎప్పుడూ దించలేదని పిల్లని అడిగాను. నాన్న దించడమ్మా, మొదట్నుంచీ దానికి స్పేరే అంది. పెన్సిలక్క ఆఫీసులోనే చాలా అలిసిపోతుందట, ఇక్కడ కూడా దెబ్బలెందుకులే అంటాడట. ఎవరి జట్టు బలంగా ఉండాలన్నా ఆరో చోటు ఇలా వృథాగా పోనివ్వకూడదని పిల్ల ఎంత పోరినా వినలేదట. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎదుటి తాతకి కనపడకుండా కొంగుతో తుడుచుకున్నాను. ఎనిమిదేళ్ళు నేనాయన్ని ముందు దించాను. ఆయన నన్ను దాచిపెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను, నిజంగా.

"ముందు ఎవరిని దించుతావమ్మా?" అంది పిల్ల.

మిణుగురు మీద వేలు పెట్టి నొక్కాను. అది బలహీనమైందమ్మా, ఓడిపోతాం అంది. తెలుసు అన్నాను. అది నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, సరే అని తన నిప్పుకోడిని పక్కన నిలబెట్టింది. రాతితాబేలుని మాత్రం అడుగున ఉంచింది. తాతగారి నీటికప్ప ఒక్క దూకు దూకింది. మిణుగురు మొదటి దెబ్బకే పడిపోయింది. మిగతా ఆట నేను తప్పు బటన్లు నొక్కుతూ, పిల్ల పళ్ళు నూరుతూ, అయిదు నిమిషాల్లో ముగిసింది. ఓడిపోయిన జంటలు కుర్చీలు ఖాళీ చెయ్యనక్కర్లేదట, మధ్యాహ్నం దాకా హాలు తెరిచే ఉంటుందట. ఆ మాట లైబ్రరీ ఆవిడని అడిగి మరీ కనుక్కుని వచ్చింది పిల్ల.

ఆయనకి చెరో పక్కా కూర్చున్నాం. పిల్ల జాబితా చిత్తు కాగితంతో ఆయన మొహం మీదికి ఈగలు రాకుండా విసురుతోంది. చాలాసేపటికి ఆయన కళ్ళు సగం తెరిచి, మన నంబరు పిలిచారా అన్నాడు.

"ఇంకా లేదు నాన్నా," అంది పిల్ల. "పడుకో."